కుండ కింద గాలి

గానెట్ కోవ్
మే 21, 1952

అక్కకు,

లియాండర్ రాస్తున్నాను. నువ్వెక్కిన స్టీమరు కనుమరుగయ్యేదాకా రేవు మీదే నిలబడ్డాను. చెయ్యి ఊపాను. ఆ మసక కళ్లతో నీకు నా చెయ్యి కాదు, రేవే కనపడి ఉండదు.

ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనూ, నీ ఐదుగురూ. నువ్వు చెప్పినట్టే అన్నీ చేస్తున్నాను. అవి మాత్రం నువ్వు చెప్పినట్టు చేయడం లేదు. బిషప్ నా కుర్చీ తీసుకున్నాడు. దింపితే ఒక్క చూపు చూస్తాడు. అంత తెల్లగా, అంత లావుగా ఉన్న పిల్లి అలా చూస్తే ఏం చేయను? స్టూలు మీద కూర్చుంటున్నాను. రాణి నా ఎదురుగా పాలు తాగదు. నేను బయటికి వెళ్లి, కిటికీలోంచి కూడా చూడకుండా ఉంటే తాగుతుంది. సగంచెవి వల అల్లే సూది ఎత్తుకుపోయాడు. పాకం కడుపుతో ఉందని నువ్వు చెప్పలేదు. నా ఆదివారం టోపీలో పిల్లల్ని పెట్టింది. గుడికి టోపీ లేకుండా వెళ్లాను. పాదిరిగారు ఎందుకని అడిగారు. దగ్గి తప్పించుకున్నాను.

తారు నీ దిండు మీద పడుకుంటున్నాడు. పగలంతా తలుపు దగ్గర నీ కోసం కూర్చుంటాడు. వాడి నలుపుకి మెట్ల మీద కనపడక తొక్కాను. ఇద్దరం అరిచాం.

నాకు రొట్టె రాలేదు. పక్కింటి ద్రుసిల్లా కంచె మీది నుంచి చూసి, "ఏమయ్యా లియాండర్, అది రొట్టెనా, లంగరా?" అంది. తను చేసింది ఒకటి ఇచ్చింది. ఆమె కొడుకు గార్లండ్ ఈ ఏడు లాబ్రడార్ చేపలకు వెళ్లే ఓడలో చేరాడు. తండ్రి వెళ్లి తిరిగి రాని దారే. ద్రుసిల్లా ఆ మాట ఎత్తదు. ఓడ రేవులో ఉప్పు ఎక్కించుకుంటోంది. నైరుతి గాలి బాగా ఉంది. త్వరలోనే వెళ్తారు.

ఆపరేషనుకు భయపడకు. ఇక్కడ నేను పడుతున్నది చాలు.

తమ్ముడు,
లియాండర్


ఆసుపత్రి, సెయింట్ జాన్స్
మే 29

ఒరేయ్ లియాండర్,

ఈ రాత నాది కాదని చూడగానే తెలిసే ఉంటుంది. అందంగా ఉంది కదా! నేను చెబుతుంటే నర్సు నాఫ్టల్ అనే అమ్మాయి రాస్తోంది. నీ ఉత్తరం చదివి వినిపించింది కూడా ఆమే. ఇక మీదట నువ్వేం రాసినా ముందు ఒక ఆడపిల్ల చదువుతుంది. అలాగని సిగ్గుపడి రాయడం మానకు.

ఆపరేషను అయింది. రెండు కళ్లకూ కట్టు కట్టారు. తల కదలకుండా అటూ ఇటూ ఇసుక మూటలు పెట్టారు. కంటిలో కుట్లు ఉన్నాయట. తుమ్మకూడదు, దగ్గకూడదు, నవ్వకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఏడవకూడదు. ఏడిస్తే కుట్టు తెగి ఉన్న కాస్త చూపూ పోతుందని డాక్టరు నా చెవిలో అరిచి చెప్పాడు. నాకు చెవుడు కూడా ఉందనుకున్నాడేమో.

నీ టోపీ సంగతి వినేసరికి... (ఇక్కడ ఆవిడ దుప్పటి కొరికి పట్టుకున్నారు. నాకు చెమటలు పట్టాయి. అయ్యా, నవ్వు తెప్పించే సంగతులు దయచేసి రాయకండి. — నర్సు నాఫ్టల్.)

విన్నావుగా. నవ్వించేవి రాయకు. ఏడిపించేవి రాయకు. మిగతావన్నీ రాయి.

తారు సంగతి మాత్రం ప్రతి ఉత్తరంలో అన్నిటికంటే ముందు రాయాలి. ఏం తిన్నాడు, ఎక్కడ పడుకున్నాడు, ఎవరి మీద అలిగాడు, అంతా. ఈ చీకట్లో మెడ పక్కన వాడి గురగుర వినపడుతున్నట్టు అనుకుని నిద్రపోతున్నాను. అది లేకపోతే నాకు ఈ కట్టు కింద ఊపిరాడదు.

ఇక్కడి పాదిరిగారి భార్య చూడటానికి వచ్చింది. వాళ్ల చర్చి నడిపే వృద్ధుల ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందట. "ఈ వయసులో మళ్లీ ఆ రాళ్ల ఊరికి ఎందుకండీ? ఇక్కడ కొళాయి తిప్పితే వేణ్ణీళ్లు వస్తాయి," అంది. పిల్లుల్ని రానిస్తారా అని అడిగాను. రానివ్వరట. "అయితే ఆ వేణ్ణీళ్లు మీరే పోసుకోండి," అన్నాను.

అక్క,
కెజయా


గానెట్ కోవ్
జూన్ 4

అక్కకు,

ఇది పంపను. రాస్తే గుండె బరువు కాస్త దిగుతుందేమోనని రాస్తున్నాను.

తారు కనపడడం లేదు.

శనివారం పొద్దున తలుపు తీస్తే బయటికి వెళ్లాడు. మళ్లీ రాలేదు. మర్నాడే గాలి ఈశాన్యానికి తిరిగింది. మంచుగడ్డలన్నీ కొట్టుకొచ్చి రేవు మూతి మూసేశాయి. సోమవారం బయల్దేరాల్సిన గార్లండ్ వాళ్ల ఓడ కదల్లేదు. స్టీమరు కూడా లోపలికి రాలేదు.

పక్షుల కోసం వాడు మంచు మీదికి వెళ్లాడేమో. గడ్డ విరిగి సముద్రంలోకి పోయిందేమో. పొద్దుటి నుంచి ఒడ్డున నిలబడి నల్లగా ఏది కనపడినా పిలుస్తున్నాను. అన్నీ రాళ్లే.

నీకెలా చెప్పను? చెబితే ఏడుస్తావు. ఏడిస్తే కుట్టు తెగుతుంది.

లియాండర్


గానెట్ కోవ్
జూన్ 4

అక్కకు,

తారు సరే.

నవ్వించేవి వద్దన్నావు గనక బిషప్‌కీ పిండి డబ్బాకీ జరిగింది రాయడం లేదు. టోపీలోని పిల్లలు కళ్లు తెరిచాయి. రాణికి ఏమీ కాలేదు. సగంచెవికి ఏమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు.

గాలి ఈశాన్యం. మంచు వచ్చి రేవు మూసేసింది, సోమవారం వెళ్లాల్సిన గార్లండ్ వాళ్ల ఓడ ఆగిపోయింది. స్టీమరు రాదు. టపా మనిషి సంచీ భుజాన వేసుకుని కొండదారిన రైలు స్టేషనుకు నడుస్తున్నాడు. ఉత్తరాలు అలా వస్తాయి, పోతాయి. కంటి కట్టుతో నీకు ఆ నడక కుదరదు.

ద్రుసిల్లా రోజూ రొట్టె తెచ్చిస్తోంది. ఇల్లు ఊడ్చింది కూడా. సాయంత్రాలు నాతో పాటు ఒడ్డు దాకా వస్తోంది. చాలా మంచి మనిషి. ఇంతకు ముందు నాకు తెలియలేదు.

తమ్ముడు,
లియాండర్


ఆసుపత్రి
జూన్ 9

లియాండర్,

"తారు సరే." ఇదేం రాతరా? నేను వాడి గురించి ఒక పేజీ అడిగితే రెండు మాటలు పంపావు. రెండో మాట 'సరే'. నాఫ్టల్ అమ్మాయిని మళ్లీ చదవమన్నాను, వెనక వైపు ఏమైనా ఉందేమో చూడమన్నాను. ఏమీ లేదట.

ద్రుసిల్లా గురించి మాత్రం చాలా ఉంది. రోజూ రొట్టె తెస్తోందా? మన ఇల్లు ఊడ్చిందా? అంత మంచి మనిషి నీకు కనపడటానికి నేను కళ్లకు కట్టు కట్టించుకోవాల్సి వచ్చిందన్నమాట. అరవై ఏళ్లుగా ఆ కంచె అక్కడే ఉంది కదరా.

సాయంత్రం ఒడ్డుకు ఏం పని మీద వెళ్తున్నారు మీరిద్దరూ?

అడగకూడదేమో. అడిగాను. తారు సంగతి వివరంగా రాయి.

కెజయా


గానెట్ కోవ్
జూన్ 12

అక్కకు,

తారు బాగా తింటున్నాడు. నిన్న నా ఒళ్లో పడుకున్నాడు. చాలాసేపు గురగురలాడాడు. చల్లటి పాలు తాగాడు. ఇవాళ కూడా అంతే.

ఒడ్డుకు వెళ్లేది పని మీదే. అది నువ్వు వచ్చాక చెబుతాను. గార్లండ్ మాత్రం ఎగతాళి చేస్తున్నాడు. "ఏం బాబాయ్, మా అమ్మతో షికారా? రొట్టె బాగా పని చేసినట్టుందే!" అని ఓడ మీది నుంచి అందరికీ వినపడేలా అరిచాడు. ద్రుసిల్లా నవ్వలేదు. మొహం తిప్పుకుంది. నాకు సిగ్గేసింది. వాడు ఊరికే కూర్చోలేక అంటున్నాడు. మంచు కరగదు, ఓడ కదలదు. జూన్ 29, పీటరు పండుగ నాటికి దారి దొరక్కపోతే ఈ ఏడు లాబ్రడార్ మానుకుని ఉప్పు దింపేస్తానని సరంగు అన్నాడు. ఇక్కడే రేవు బయట చేపలు పట్టుకుంటారట.

నీ గది ఖాళీ చేశాను. మంచం జరిపాను, పెట్టె బయట పెట్టాను, గోడ పలక కూడా ఊడదీశాను. ద్రుసిల్లా సాయం పట్టింది. ఎందుకో ఇప్పుడు అడగకు.

కన్ను జాగ్రత్త.

తమ్ముడు,
లియాండర్


ఆసుపత్రి
జూన్ 16

లియాండర్‌కు,

నీ ఉత్తరం అందింది.

తారు నా ఒళ్లో తప్ప ఏ మనిషి ఒళ్లోనూ పడుకోడు. మగవాళ్ల దగ్గరికే రాడు. చల్లటి పాలు మూతి పెట్టి చూసి కాలితో తోసేస్తాడు. నువ్వు నీ ఇంట్లో ఉన్న పిల్లిని కూడా చూడటం లేదని అర్థమైంది. చూడటానికి నీకు ఇప్పుడు వేరే సంగతులు ఉన్నాయి.

నాకు కోపం లేదు. ఇద్దరూ ఒంటరివాళ్లే. ఆమె రొట్టె మంచిది. నాకు ముందే చెప్పి ఉంటే బాగుండేది. నా మంచం జరిపించే ముందు చెప్పి ఉంటే ఇంకా బాగుండేది. ఆ గది మీకు కావాలంటే నేనే ఇచ్చేదాన్ని కదరా.

పాదిరిగారి భార్య మళ్లీ వచ్చింది. పై ఆదివారం జవాబు చెప్పాలి. చెబుతాను. వేణ్ణీళ్లు మంచివే, నా కీళ్లకు. బిషప్‌ను పాదిరిగారికి ఇవ్వు. రాణినీ పాకాన్నీ నువ్వే ఉంచుకో, ద్రుసిల్లా ఒప్పుకుంటే. సగంచెవి ఎక్కడైనా బతుకుతాడు. తారును మాత్రం ఎవరికీ ఇవ్వకు. వాడు నీ దగ్గరే చివరిదాకా ఉండాలి. ఇదొక్కటే అడుగుతున్నాను.

కెజయా

(అయ్యా, ఇది ఆవిడకు తెలియకుండా రాస్తున్నాను. నిన్న ఈ ఉత్తరం చెబుతూ ఏడ్చారు. కట్టు తడిసింది. డాక్టరు కంగారుగా వచ్చి చూశారు. కుట్టు నిలిచిందో లేదో కట్టు విప్పేదాకా తెలియదన్నారు. మీరేదో దాస్తున్నారు. అది ఎంత చెడ్డదైనా, ఇలా సగం సగం రాసేదానికంటే నయం. — నాఫ్టల్.)


కొండదారి
జూన్ 19

అక్కకు,

టపా మనిషి నీ ఉత్తరం ఇచ్చి, సంచీ తీసుకుని వెళ్లిపోయాక చదివాను. మళ్లీ అతను వచ్చేది సోమవారం. నువ్వు జవాబు చెప్పేది ఆదివారం. అందుకని నేనే నడుస్తున్నాను. ఇది దారిలో రాయి మీద కూర్చుని రాస్తున్నాను. రాత వంకరగా ఉంటే మన్నించు. అమ్మా నాఫ్టల్, ఇది ఆమెకు నెమ్మదిగా చదువు. చెయ్యి పట్టుకుని చదువు.

పెళ్లీ లేదు, ఏమీ లేదు. ఆ మాట నా తలలోకే రాలేదు.

తారు పోయాడు. గాలి తిరగడానికి ముందు రోజు, శనివారం పొద్దున బయటికి వెళ్లాడు, ఇంతవరకు రాలేదు. మంచు మీద కొట్టుకుపోయాడని నా భయం. నువ్వు ఏడుస్తావని చెప్పలేదు. ఒళ్లో పడుకున్నాడని అబద్ధం రాశాను. నాకు అబద్ధం రాదని నీ ఉత్తరం చూశాక తెలిసింది.

నీ గదిలో గోడ వెనక ఏదో అరిచినట్టు వినపడింది. వాడేమోనని మంచం జరిపాను, పలక ఊడదీశాను. సగంచెవి దాచుకున్న వల సూదులు దొరికాయి. వాడు లేడు. ఒడ్డుకు వెళ్తున్నది వాడిని పిలవటానికి. ద్రుసిల్లా కూడా పిలిచేది. "తారూ, తారూ" అని నాకంటే గట్టిగా పిలిచేది, పిలిచి కళ్లు తుడుచుకునేది. పరాయి పిల్లి కోసం అంత ఏడ్చే మనిషిని నేను చూడలేదు.

అంతే. ఇంకేమీ దాచలేదు.

నీ మంచం మళ్లీ దాని చోటులో పెట్టాను. బిషప్‌ను ఎవరికీ ఇవ్వను. నువ్వు లేకపోతే ఆ ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు ఉండరు. నేను మాట్లాడనని నీకు తెలుసు, కానీ నువ్వు మాట్లాడితే వింటాను కదా.

రైలు కూత వినపడుతోంది. లేస్తాను.

లియాండర్


ఆసుపత్రి
జూన్ 23

ఒరేయ్ వెర్రివాడా,

నిన్న పాదిరిగారి భార్య కలం పట్టుకుని నా మంచం పక్కన కూర్చుని ఉండగా నీ ఉత్తరం వచ్చింది. నాఫ్టల్ అమ్మాయి నువ్వు చెప్పినట్టే చెయ్యి పట్టుకుని చదివింది. ఏడుస్తానని ఇద్దరూ సిద్ధంగా ఉన్నారు. నేను నవ్వాను. ఆపుకోలేకపోయాను. డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. కట్టు విప్పి చూశాడు. కుట్లు గట్టిగా ఉన్నాయట. "ఈవిడ కన్నుకు ఓడ తాడుతో కుట్టినట్టున్నాను," అన్నాడు. ఒక కంటికి కట్టు తీసేశారు. వెలుతురు వచ్చింది. ఇంకా మసకే. ఎదురుగా తెల్లగా ఏదో కదిలితే బిషప్ అనుకున్నాను, పాదిరిగారి భార్య. ఆవిడకు గది వద్దని చెప్పేశాను.

ఇప్పుడు విను. తారు శనివారం పోయాడు. ఓడ సోమవారం బయల్దేరాలి. ఆదివారం గాలి ఎదురు తిరిగింది. ఓడలో ఉన్నది ద్రుసిల్లా కొడుకు. ఊరు మొత్తానికి ఒంటి మీద ఒక్క తెల్ల వెంట్రుక లేని నల్లపిల్లి ఉన్నది మనింట్లో. ఇంకా చెప్పాలా?

చెప్పాలి. మగవాళ్లకు ఇది చెప్పరు. చెబితే పని చేయదంటారు. నువ్వు ఎవరితోనూ మాట్లాడవు గనక నీకు చెప్పినా చెప్పనట్టే. మనిషి సముద్రం మీదికి వెళ్లకుండా ఆపాలంటే నల్లపిల్లిని తెచ్చి రోజూ కాసేపు ఇనుప కుండ కింద పెట్టాలి. పిల్లి ఆ చెరలో ఉన్నంతకాలం గాలి ఎదురే వీస్తుంది. మన అమ్మమ్మకు తెలుసు, అమ్మకు తెలుసు, ఆ రేవులో ప్రతి ఆడదానికీ తెలుసు. ద్రుసిల్లా కొండ వాలులో ఉన్న తన దుంపల కొట్లో చూడు. రొట్టెలు ఎందుకు తెచ్చిందో, ఒడ్డున ఎందుకు ఏడ్చిందో అప్పుడు తెలుస్తుంది.

నేనూ పెట్టాను ఒకసారి. పెళ్లైన ఏడు, మీ బావ ఈసా ఓడ ఎక్కే ముందు. పిల్లి కేకలు విని అమ్మ వచ్చి కుండ ఎత్తేసింది. "ఇలా ప్రతివాళ్లూ మొగుణ్ణి కట్టేసుకుంటే ఊరు ఏం తింటుందే?" అంది. మధ్యాహ్నానికి గాలి మారింది. ఈసా వెళ్లాడు. తరవాతి సంగతి నీకు తెలుసు. అప్పటి నుంచి మన ఇంట్లో నల్లపిల్లి లేకుండా ఒక్క రోజు గడవలేదు. ఎప్పుడు ఎవరికి కావలసి వస్తుందోనని. నన్ను అడిగి ఉంటే నేనే ఇచ్చేదాన్ని.

అందుకని తారును బయటికి తేకు. పీటరు పండుగ దాకా ఉంచుకోమని ద్రుసిల్లాకు చెప్పు. నోరు తెరిచి చెప్పు, కంచె మీది నుంచి చూసి ఊరుకోకు. పాలు గోరువెచ్చగా ఇవ్వమను. గాలి మారేదాకా నాకూ స్టీమరు లేదు, తెలుసు. నాఫ్టల్ వాళ్ల పిన్ని ఇంట్లో మంచం ఉందట. అక్కడ ఉంటాను. ఆగుతాను.

అక్క,
కెజయా


గానెట్ కోవ్
జూన్ 27

అక్కకు,

చెప్పాను.

రొట్టె రేకులు తిరిగి ఇచ్చే వంకతో వెళ్లాను. కంచె దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. మళ్లీ వెళ్లాను. ఆమె పిండి పిసుకుతోంది.

"తారు నీ దుంపల కొట్లో ఉన్నాడట," అన్నాను.

పిండిలో చేతులు ఆగిపోయాయి. "ఎవరు చెప్పారు?"

"అక్క."

"పట్నంలో కళ్లకు కట్టు కట్టుకుని పడుకున్న మనిషికి కనపడిందా! రోజూ నా వెంట తిరిగిన నీకు కనపడలేదా?"

"లేదు."

"నువ్వు పిలుస్తుంటే వినలేకపోయేదాన్నయ్యా. రోజూ చెబుదామనే వచ్చేదాన్ని. ఓడ వైపు చూసి నోరు మూసుకునేదాన్ని. తీసుకుపో. మీ అక్క పిల్లి. తీసుకుపో."

"ఉంచుకోమంది. పండుగ దాకా."

ఆమె పిండి పీపా మీద కూర్చుండిపోయింది. పిండి చేతులతోనే మొహం కప్పుకుంది. నేను పొయ్యి వైపు చూశాను. తరవాత "పాలు గోరువెచ్చగా ఇవ్వమంది," అన్నాను. ఏడుస్తూనే నవ్వింది. "వెన్న వేసి ఇస్తున్నానని చెప్పు. కుండ కింద ఉన్నంతసేపు నన్ను తిడతాడు, తీయగానే వెన్న తింటాడు," అంది.

వాడిని చూద్దువుగాని రమ్మని కొట్టు తలుపు తీసింది. కుండ బోర్లించే ఉంది. ఎత్తింది. కింద మట్టిలో వాడు తవ్వుకున్న గుంట తప్ప ఏమీ లేదు. కొట్టంతా వెతికాం. వెనక గోడలో ఒక రాయి ఊడి ఉంది. అటువైపు వెలుతురు.

"పండుగ దగ్గర పడిందని నిన్న పొద్దున నుంచి ఈ కుండ ఎత్తలేదు. లోపల అలికిడి లేకపోతే అలిగాడనుకున్నాను," అంది. ఆమె మొహం చూడలేకపోయాను. వేలు తడి చేసుకుని గాలిలో పెట్టింది. "ఇంకా రెండు రోజులు ఉంది. ఇవాళ తిరుగుతుంది గాలి. తిరిగితే నా కొడుకు వెళ్లిపోతాడు," అంది. గార్లండ్ రేవులో తెరచాప తాళ్లు సరిచూసుకుంటూ పాడుతున్నాడు. ఇద్దరికీ వినపడింది.

గాలి తిరగలేదని నాకు అనిపించింది. పిల్లి ఎప్పుడు పోయిందో గాని గాలి మాత్రం ఈశాన్యమే. ఆ మాట ఆమెతో అనలేదు. అంటే ఆమెకు పట్టుకోవటానికి ఏమీ మిగలదు.

"ఉండు," అని ఇంటికి వచ్చాను.

అక్కా, నువ్వు కోప్పడకు. బిషప్ నా కుర్చీలో నిద్రపోతున్నాడు. పొయ్యి గొట్టంలోని మసి తీసి సీల్ కొవ్వు నూనెలో కలిపాను. ఓడ అడుగుకు తారు పూసినవాడిని, పిల్లికి మసి పూయలేనా అనుకున్నాను. ఓడ కదలదు. బిషప్ కదిలాడు. కుర్చీ, గోడ, నేను, నీ అల్లిక దుప్పటి, అందరం నల్లబడ్డాం. ఆయన తోక చివర తెల్లగా మిగిలింది. నా చేతులు గీరిన తీరు చూస్తే చేపలవాడి చేతులు అనుకోవు. చివరికి కోటు లోపల పెట్టుకుని తీసుకెళ్లాను.

ద్రుసిల్లా చూసింది. "ఇదెక్కడి నల్లపిల్లయ్యా?"

"అడగకు."

"కళ్లు అచ్చం మీ బిషప్‌వే!"

"గాలి కళ్లు చూడదు," అన్నాను.

కుండ తెచ్చింది. లోపలి నుంచి బిషప్ తిట్టిన తిట్లు గుడిలో వినదగినవి కావు. ఆమె తలుపు దగ్గర కూర్చుని చూస్తోంది. నేను కంచె దగ్గర కూర్చుని ఆమెను చూస్తున్నాను. గాలి ఇంకా ఈశాన్యం నుంచే ఉంది.

తారు ఈసారి నిజంగానే ఎక్కడున్నాడో తెలియదు. సగం దాచకుండా చెబుతున్నాను.

తమ్ముడు,
లియాండర్


గానెట్ కోవ్
జులై 1

అక్కకు,

ముందు తారు. తారు దొరికాడు. తిన్నాడు, తాగాడు, నా ఒళ్లో పడుకోలేదు.

పండుగ ఆదివారం వచ్చింది. మంచు అలాగే ఉంది. సోమవారం పొద్దున సరంగు టోపీ తీసి నేలకు కొట్టి, "దింపండి ఉప్పు," అన్నాడు. ద్రుసిల్లా కిటికీలోంచి చూస్తోంది. ఉప్పు సగం దింపాక అడుగు నుంచి గార్లండ్ అరిచాడు. "బాబాయ్! మీ తెల్లపిల్లి ఓడలో ఉందే!" వెళ్లి చూశాను. తారు. మీసాల నుంచి తోక దాకా ఉప్పు పట్టి తెల్లబడ్డాడు. ఓడలోని ఎలుకలన్నీ తిని బిషప్ అంత అయ్యాడు. గార్లండ్ వాడిని భుజాన వేసుకుని తల్లి దగ్గరికి తీసుకెళ్లాడు. వాళ్లమ్మ పిల్లిని పట్టుకుందో కొడుకును పట్టుకుందో తెలియదు. ఇద్దరినీ చాలాసేపు వదల్లేదు. "ఏంటమ్మా, నీ పిల్లి కూడా కాదు కదా!" అంటున్నాడు వాడు. ఆమె చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

తరవాత ఆమె కొట్టు దగ్గరికి వెళ్లి కుండ తీసింది. బిషప్ ఎవరివైపూ చూడకుండా నడుచుకుంటూ ఇంటికి వచ్చి నా కుర్చీ ఎక్కాడు. టీ తాగి బయటికి వచ్చేసరికి పొగ గొట్టం మీది పొగ ఎదురు వైపుకు తిరిగి ఉంది. నైరుతి. గార్లండ్ చూసి, "ఇప్పుడా!" అని గట్టిగా తిట్టాడు. ఉప్పు ఒడ్డున ఉంది గనక ఎవరూ కదల్లేదు. ఇవాళ పొద్దుటికి రేవు మూతి దగ్గర నీళ్లు కనపడుతున్నాయి. స్టీమరు శుక్రవారం పట్నం నుంచి బయల్దేరుతుందని టపా కచేరీలో అన్నారు. ఈ ఉత్తరం కొండదారిన వస్తోంది, అంతకంటే ముందే అందుతుంది.

నీ గది సిద్ధంగా ఉంది. అల్లిక దుప్పటి ఉతికాను, మసి పోలేదు. టోపీ ఇంకా పాకం దగ్గరే ఉంది. ద్రుసిల్లా నాకు రొట్టె నేర్పుతోంది. అంతకంటే ఏమీ లేదు. ఉంటే ముందు నీకే రాస్తాను.

కట్టు తీసిన కన్నుతో ఊరిని మొదటిసారి చూస్తావు. రేవు మీద నేను చెయ్యి ఊపుతాను. ఈసారి కనపడుతుంది. ఇంటికి వచ్చాక కుర్చీలో బూడిదరంగు పిల్లి ఒకటి నిన్ను కోపంగా చూస్తుంది. సబ్బు పెట్టాను, పోలేదు. కంగారు పడకు. నీ కన్నుకు ఏమీ కాలేదు. బిషప్ అలాగే ఉన్నాడు.

తమ్ముడు,
లియాండర్